చెక్కతొట్టిలో నువ్వుల నూనె

ఆ శనివారం పొద్దున్నే లేచి నేను చేసిన మొదటి పని తలకి నువ్వుల నూనె పట్టించుకోవడం. మా ఆవిడ ఇంకా లేవలేదు. చిన్న గిన్నెలో కాస్త నూనె వెచ్చబెట్టి, మాడు మీద పోసుకుని, అరచేత్తో నాలుగు చరుపులు చరుచుకుని, పైన ఉన్నిటోపీ లాగేసుకున్నాను. అక్టోబరు చివర్లో హాలిఫాక్స్‌లో ఉన్నిటోపీ పెట్టుకున్నవాడిని ఎందుకు పెట్టుకున్నావని ఎవరూ అడగరు.

ఆ రోజు మేం వెళ్తున్నది వేడినీళ్ళ స్నానానికి. ఊరికి గంటన్నర దూరంలో, సముద్రపు ఒడ్డున, ఒక జపాన్ ఆవిడ నడిపే స్నానశాల ఉంది. జపాన్‌లో వేడినీటి బుగ్గల పక్కన కట్టుకుంటారే, అలాంటిది. ఇక్కడి నేలలో బుగ్గలు లేవు కాబట్టి ఆవిడ సముద్రపు నీళ్ళనే బాయిలర్లో కాచి, దేవదారు చెక్కతో చేసిన పెద్ద తొట్టిలోకి వదులుతుంది. మా ఆవిడ ఫోన్లో ఆ ఫొటోలు చూపించినప్పుడు నాకు తట్టిన ఆలోచన ఒక్కటే. అన్ని వేడినీళ్ళ దగ్గరికి వెళ్తూ తలంటుకోకుండా ఎలా వెళ్తాం? చిన్నప్పట్నుంచి శనివారం తలంటు నాకు అలవాటు. ఈ దేశంలో షవర్ కింద నిలబడి నేను చేసేది స్నానం కాదు, తడవడం.

అసలు ఆ ప్రయాణం పెట్టుకున్నది మాత్రం నా తలంటు కోసం కాదు. మా బావమరిది కోసం.

అతను మా ఆవిడకి తమ్ముడు. స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో, ఇక్కడి కాలేజీలో డిప్లొమా చదవడానికి వచ్చి మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్నాడు. వచ్చిన కొత్తలో మా ఇద్దరికీ ఆటపట్టించుకోవడంతోనే సరిపోయేది. నేను కారు నెమ్మదిగా నడుపుతానని, "బావా, మన పక్కన నడుస్తున్న ఆ ముసలాయన ముందుకెళ్ళిపోయాడు చూడు" అనేవాడు. అతను చేసే చారుని నేను వేడినీళ్ళు అనేవాణ్ణి. బావా బావమరదులం, అది మా హక్కు.

అప్పట్లో ఊళ్ళో అద్దెకి గదులు దొరికేవి కావు. అతని క్లాస్‌మేట్లు నలుగురు సూట్‌కేసులతో దిగి, ఉండడానికి చోటు లేక మా బేస్‌మెంట్‌లోనే పరుపులు పరుచుకున్నారు. నేనే సరేనన్నాను. సరేనని, రోజూ మనసులో విసుక్కునేవాణ్ణి. ఒక ఉదయం కిందికి దిగితే నేలంతా నీళ్ళు. పరుపులు తడిసిపోయాయి. ఎందుకు, ఎక్కణ్ణుంచి అని చూడలేదు. ఆ నలుగురి ముందే అతని మీద అరిచాను. "ఇది ఇల్లా, సత్రమా? కుళాయి కట్టేయాలన్న బుద్ధి కూడా లేదా? మీ ఇంట్లో ఇలాగే పెంచారా?" అన్నాను. "బావా, కుళాయిలన్నీ కట్టే ఉన్నాయి" అన్నాడతను. "ఎదురు చెప్పకు" అన్నాను. వాళ్ళు ఐదుగురూ తువ్వాళ్ళతో ఆ నేలంతా తుడిచారు. నేను మెట్ల మీద నిలబడి చూశాను.

మర్నాడు ప్లంబర్ వచ్చి, వేడినీళ్ళ ట్యాంకు అడుగు తుప్పుపట్టి చిల్లిపడిందని చూపించాడు. అప్పటికే మా బావమరిదీ ఆ నలుగురూ రేవు అవతల ఎక్కడో ఒక ఇల్లు వెతుక్కుని వెళ్ళిపోయారు. కొత్త ట్యాంకు పెట్టించాను. "పాతది పాడైందట" అని మా ఆవిడతో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాను. అతనికి మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, కలిసినప్పుడు చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపేశాను. ఆ ఏడాదంతా అతను నేను ఆఫీసులో ఉన్న వేళ చూసి అక్కని చూడ్డానికి వచ్చేవాడు. ఫోన్లో నా గొంతు వినబడితే "బాగున్నారా బావగారూ" అనేవాడు. అంత మర్యాద నాకు అంతకుముందెప్పుడూ చేయలేదు.

ఇప్పుడు అతనికి ఎక్కడో దూరాన ఉన్న సస్కటూన్‌లో, వ్యవసాయ యంత్రాలు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. గురువారం ఫ్లైట్. ఎయిర్‌పోర్టుకి క్యాబ్ బుక్ చేసుకున్నానని అక్కతో చెప్పాడట. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ఆ మాట చెప్పి, పళ్ళెంలో చెయ్యి ఆపేసింది.

"ఇంట్లో కారు పెట్టుకుని క్యాబ్‌లో వెళ్తానంటున్నాడు. రేపు కూడా మీరు వాడితో మాట్లాడకపోతే వాడింక ఈ గడప తొక్కడు. ఈ దేశంలో నాకున్న తోబుట్టువు వాడొక్కడేనండీ."

మాట్లాడతానన్నాను. ఏం మాట్లాడాలో ఆలోచించుకోలేదు. పొద్దున్నే లేచి నూనె మాత్రం వెచ్చబెట్టుకున్నాను.

ఫెర్రీ దిగే చోట అతను మా కోసం నిలబడి ఉన్నాడు. వెనక సీట్లో కూర్చుని, "నమస్తే బావగారూ" అన్నాడు. హీటర్ వేసిన కాసేపటికి కారంతా కమ్మటి వాసన పట్టుకుంది.

"అక్కా, నువ్వుల నూనె వాసనొస్తోంది. పులిహోర తెచ్చావా?"

"పులిహోర ఎక్కడిదిరా? దద్ధోజనం తెచ్చా."

అద్దంలోంచి అతని చూపు నా టోపీ మీద పడి, కిటికీ వైపు తిరిగింది. నేను రోడ్డు మీద శ్రద్ధ పెట్టాను.

స్నానశాల అంటే పెద్ద హంగామా ఏమీ లేదు. రాళ్ళ ఒడ్డున ఒక చెక్క ఇల్లు, దాని వెనక బాయిలర్ షెడ్డు, ముందు సముద్రానికి ఎదురుగా అరుగులాంటి చెక్క వేదిక మీద ఒకే ఒక్క తొట్టి. అరడజను మంది కూర్చోవచ్చు. నడిపే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, చురుగ్గా, రబ్బరు బూట్లతో ఉంది. తలుపు దగ్గరే మమ్మల్ని ఆపి, ఇంగ్లీషులో, బడిపిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"తొట్టి ఒళ్ళు రుద్దుకోవడానికి కాదు. లోపల రుద్దుకుని, తల కడుక్కుని, శుభ్రంగా వచ్చి ఊరికే కూర్చోవడానికి. ఆ నీళ్ళు అందరివీ."

మగవాళ్ళ గదిలోకి వెళ్ళేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్న చెక్క పీటలు, చెక్క బకెట్లు, పక్కన ముంచుకోవడానికి చిన్న చెంబులు. అచ్చం మన స్నానాలగదే. కానీ ఒక పీట మీద ఈ చుట్టుపక్కల ఊరాయన, డెబ్భై ఏళ్ళవాడు, ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుని తాపీగా పాదాలు రుద్దుకుంటున్నాడు. మా వైపు తిరిగి "గుడ్ మార్నింగ్" అని కూడా అన్నాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఈత నిక్కరు వేసుకుని, గోడ వైపు తిరిగి, భుజాల మీద రెండు చెంబులు ఒంపుకుని అయిందనిపించాను. తల తడపలేదు. ముందు వేడినీళ్ళలో కాసేపు కూర్చుంటే నూనె బాగా ఇంకుతుంది, తర్వాత వచ్చి కడుక్కోవచ్చనుకున్నాను. తల మీద పల్చటి తువ్వాలు తలపాగాలా చుట్టుకున్నాను. ఫొటోల్లో జపాన్ వాళ్ళు కూడా తల మీద తువ్వాలు పెట్టుకోవడం చూశాను గనక అది ఆచారమే అనిపించింది.

మా బావమరిది పీట మీద కూర్చుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు, తల నుంచి పాదాల దాకా సబ్బు పెట్టి రుద్దుకున్నాడు. నేను బయటికొచ్చేటప్పుడు అతను ఇంకా చెవుల వెనక కడుక్కుంటున్నాడు.

ఆ నీళ్ళలోకి దిగడం ఎలా ఉందో చెప్పాలి. మొదట కాళ్ళు చురుక్కుమన్నాయి. తర్వాత నడుము, తర్వాత మెడ దాకా. బయట ముఖానికి చల్లగాలి కొడుతోంది, నీళ్ళ మీంచి ఆవిరి లేచి సముద్రం వైపు పోతోంది, ఒళ్ళు మాత్రం ఎవరో చేతుల్లోకి తీసుకున్నట్టుంది. ఆఫీసు కుర్చీలో బిగుసుకుపోయిన వీపు ఒక్కో ముడీ విప్పుకుంది. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తుల్లో వచ్చిన మా ఆవిడ నా పక్కన కూర్చుని "అబ్బా" అని కళ్ళు మూసుకుంది. ఎదురుగా ఆ పెద్దాయన గడ్డం దాకా మునిగి నిద్రపోతున్నట్టున్నాడు. మా బావమరిది వచ్చి తొట్టికి అవతలి అంచున కూర్చున్నాడు.

ఇదే సమయం అనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. ట్యాంకు. ఆ ఒక్క మాటతో మొదలుపెడితే చాలు.

"జాబ్ ఎలా ఉంటుందట?" అన్నాను.

"బానే ఉంటుందట బావగారూ."

"అక్కడ చలి ఎక్కువ."

"అవునట బావగారూ."

మా ఆవిడ కళ్ళు తెరవకుండానే నీళ్ళ కింద నా కాలు తొక్కింది.

రెండోసారి నోరు తెరిచేలోపు పెద్దాయన లేచి కూర్చున్నాడు. నీళ్ళ వైపు చూసి, "ఇంద్రధనుస్సు" అన్నాడు ఇంగ్లీషులో, ఏదో మంచి వార్త చెప్పినట్టు. నిజంగానే నీళ్ళ మీద రంగులు తేలుతున్నాయి. నీలం, ఊదా, బంగారు రంగు వలయాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అటువైపు సాగుతున్నాయి. ఆ వేడికి నా మాడు మీద నూనె పలచబడి, చెమటతో కలిసి, మెడ వెనక నుంచి ధారగా దిగుతోంది. అప్పటిదాకా అది చెమటే అనుకున్నాను.

ఆవిడ బూట్లు టపటపలాడించుకుంటూ వచ్చింది. నీళ్ళలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గోమా," అంది తనలో తను. మళ్ళీ ఇంగ్లీషులో, "నువ్వులు. ఇది నువ్వుల నూనె. ఎవరు?"

నేను నోరు తెరవలేదు. తెరవాలని తెలుసు. మహా అయితే రెండు ఊపిరుల సేపు.

"సారీ మేడమ్. నేనే. తలకి నూనె రాసుకున్నాను," అన్నాడు మా బావమరిది.

ఆవిడ అతని వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. కోపంగా కాదు. అదే ఎక్కువ బాధ. నూనె పడితే దేవదారు చెక్క పీల్చుకుంటుందనీ, నీళ్ళన్నీ వదిలేసి తొట్టి తోమాలనీ, మధ్యాహ్నం వేరేవాళ్ళు వస్తున్నారనీ, తల కడుక్కోమని అందుకే చెప్పాననీ. అతను తల వంచుకుని "యెస్ మేడమ్" అంటున్నాడు. కడిగిన జుట్టు గాలికి పొడిపొడిగా నిక్కబొడుచుకుని ఉంది. ఆవిడ చెబుతున్నంతసేపూ నేను సముద్రం వైపు చూశాను. నా ఖాతాలో ఉన్న తప్పులన్నిట్లో ఆ చూపు చూసినందుకే నాకు ఎక్కువ సిగ్గు.

"ఏవండీ," అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటే. కారులో వాసన తనకీ తెలుసు.

నేను అతని వైపు వంగి, తెలుగులో గొణిగాను. "అలా ఎందుకు చెప్పావు?"

అతను నవ్వాడు. చాలా మర్యాదగా నవ్వాడు.

"ఎలాగూ నా మీదకే వస్తుంది కదా బావగారూ. టైమ్ సేవ్ చేశా."

అంత వేడినీళ్ళలో కూర్చున్నా ఒళ్ళు చల్లబడుతుందని నాకు అప్పుడే తెలిసింది. లేచి నిలబడ్డాను. తల మీద తువ్వాలు లాగేశాను. నూనె నుదుటి మీదికి జారింది.

"నేను," అన్నాను ఆవిడతో. "అతను కాదు, నేను. అతను మీరు చెప్పినట్టే కడుక్కున్నాడు. నేను కడుక్కోలేదు. అతను నా కోసం అబద్ధం చెప్పాడు."

ఆవిడ నా తల వంక చాలాసేపు చూసింది. పెళ్ళికి తయారుచేసిన బూంది మిఠాయిలా మెరిసిపోతూ ఉండి ఉంటాను.

"దీన్ని నేను నూడిల్స్‌లో వేసుకుంటాను," అంది చివరికి. "మనిషి మీద వేయడం ఇదే చూడడం."

పెద్దాయన పకపకా నవ్వాడు. మా ఆవిడ ముఖం చేతుల్లో దాచుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను క్షమాపణ మొదలుపెడుతుంటే జపాన్ ఆవిడ వినకుండా తొట్టి బిరడా పీకి, నా చేతికి గట్టి పీచు బ్రష్ ఒకటి ఇచ్చింది.

నీళ్ళు దిగిపోయాక నిక్కరు మీద కోటు వేసుకుని తొట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. గాలి సముద్రం మీంచి తిన్నగా వచ్చి చెవుల్లో దూరుతోంది. కాసేపటికి పక్కన ఇంకో బ్రష్ చప్పుడైంది. మా బావమరిది.

"నువ్వెందుకు? చలి. లోపలికి వెళ్ళు," అన్నాను.

"మీరొక్కరే తోమితే గురువారం దాకా తోముతారు."

అతను పైనుంచి, నేను అడుగునుంచి తోముకుంటూ వచ్చాం. చెక్క మీదే చూపు పెట్టుకుని మాట్లాడాను. ముఖం చూస్తే మళ్ళీ చలి గురించే మాట్లాడతానని నాకు భయం.

"ఆ రోజు కుళాయి కట్టే ఉంది. ట్యాంకు చిల్లిపడింది. మర్నాడే తెలిసింది నాకు. నీకు చెప్పలేదు."

"తెలుసు. అక్క చెప్పింది."

"తెలుసా?"

"అప్పుడే చెప్పింది. మీరు చెబుతారేమోనని చూశా."

"ఏడాదంతానా?"

"మొదట్లో రోజూ చూశా. తర్వాత మానేశా." బ్రష్ ఆపకుండానే అన్నాడు. "నన్నన్నందుకు కాదు. వాళ్ళ నలుగురి ముందు అమ్మానాన్న పెంపకం ఎత్తారు. వాళ్ళకి నేనే ధైర్యం చెప్పి తీసుకొచ్చా, మా బావ మంచోడు, ఏమీ అనుకోడు అని."

"తప్పు నాది," అన్నాను. "వాళ్ళకి కూడా చెబుతాను. ఇవాళే, నిన్ను దింపేటప్పుడు."

అతను అంచు మీద మిగిలిన జిడ్డు ఒకటి చూపించి, "అక్కడ వదిలేశారు," అన్నాడు.

తొట్టి మళ్ళీ నిండేలోపు ఆవిడ నన్ను స్నానాలగదిలోకి తోలింది. చిన్న సబ్బుతో ఎంత రుద్దినా నూనె వదల్లేదు. పీట మీద కూర్చుని అవస్థ పడుతుంటే తలుపు తెరుచుకుని మా బావమరిది వచ్చాడు, చేతిలో గిన్నెలు తోమే లిక్విడ్ సీసాతో.

"ఆవిడిచ్చింది. మూకుడికి వాడేదట. తల వంచండి."

వంచాను. నిజం చెప్పొద్దూ, అంత గట్టిగా నా తల రుద్దినవాళ్ళు అంతకుముందు లేరు. ఏడాదిపాటు దాచుకున్నదంతా ఆ వేళ్ళలోకి వచ్చింది. కళ్ళలో నురగ పడి మండుతోంది. నేను అబ్బా అన్నకొద్దీ ఇంకాస్త గట్టిగా రుద్దాడు.

"మెల్లిగారా!"

"ఆగు బావా, ఇక్కడింకా జిడ్డుంది."

నురగ కింద నేను నవ్వాను. అతనికి కనబడలేదు. చెంబు తర్వాత చెంబు కుమ్మరించాడు. ఆ నీళ్ళు ముఖం మీద నుంచి దిగుతుంటే, ఏడుస్తున్నానో లేదో నాకే తెలియకుండా పోవడం మంచిదే అయింది.

తర్వాత అందరం కొత్త నీళ్ళలో కూర్చున్నాం. ఆవిడ దిగనిచ్చే ముందు నా నెత్తి మీద వేలు పెట్టి వాసన చూసి, సరేనన్నట్టు తల ఊపింది. ఆ తర్వాత చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు. పడవ ఒకటి దూరంగా పోయింది. పెద్దాయన మా దద్ధోజనం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు, మిరపకాయ మాత్రం జాగ్రత్తగా పక్కకి తీసి పెట్టాడు. మా ఆవిడా తమ్ముడూ చిన్నప్పటి గొడవ ఏదో తవ్వుకుని వాదించుకుంటుంటే నేను వింటూ కూర్చున్నాను. ఏమీ మాట్లాడనక్కర్లేకుండా కూర్చోవడం ఎంత తేలికో ఈ ఏడాదిలో మర్చిపోయాను.

తిరిగొచ్చేటప్పుడు రేవు అవతలికి పోనిచ్చి, అతని ఇంటి ముందు కారు ఆపి, నేనూ దిగాను. మా ఆవిడ దిగబోతుంటే వద్దన్నాను. ఆ పిల్లలు నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. ఇద్దరు డ్యూటీకి బయల్దేరుతున్నారు. నన్ను చూడగానే కుర్చీల్లోంచి లేచి "నమస్తే అంకుల్" అన్నారు. నాకు ఆ మర్యాద కూడా గుచ్చుకుంది.

"ఆ రోజు బేస్‌మెంట్‌లో నీళ్ళు ట్యాంకువి," అన్నాను. "మీ తప్పు లేదు. ఇతని తప్పూ లేదు. చూడకుండా నోరు పారేసుకున్నాను. ఇతని ఇంటి పెంపకం గురించి అన్న మాట కూడా తప్పే."

వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. కరీంనగర్ కుర్రాడు మెల్లిగా అన్నాడు. "మాకు అప్పుడే తెల్సు అంకుల్. తుడుస్తుంటే ట్యాంకు కిందకెల్లి కారుడు కనబడ్డది."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పనిస్తిరా?"

ముందు మా బావమరిదే నవ్వాడు. తర్వాత అందరూ. నేను కూడా నవ్వాను, కొంచెం ఆలస్యంగా. టీ తాగి వెళ్ళమని కూర్చోబెట్టారు. ఆ ఇంట్లో ఉన్న రెండు కుర్చీల్లో మంచిది నాకిచ్చారు.

బయటికొచ్చి కారు తలుపు తీస్తుంటే అతను మెట్ల మీంచి పిలిచాడు.

"బావా! గురువారం క్యాబ్ క్యాన్సిల్ చేస్తున్నా. పొద్దున్న నువ్వే రా."

"ఎన్నింటికి రమ్మంటావు?"

"ఫ్లైట్ తొమ్మిదింటికి. నీ డ్రైవింగ్‌కి బుధవారమే బయల్దేరు."

కారులో మా ఆవిడ ఏమైందని అడగలేదు. అద్దం దించే ఉంది, అంతా వినే ఉంటుంది. బ్రిడ్జి ఎక్కాక చెయ్యి చాపి నా తల తడిమి, వేళ్ళు వాసన చూసుకుంది.

"ఇంకా వస్తోందండీ," అంది.

"రానీ," అన్నాను.